ఊదితేనే బండి కదిలేది: ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ పరిశోధనలు హైదరాబాద్‌కు ఏం చెబుతున్నాయి?

ఊదిన శ్వాసలో మద్యం ఉంటే బండిని స్టార్ట్ కానివ్వని పరికరమే ఇగ్నిషన్ ఇంటర్‌లాక్. దాని ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక అంకె వినిపిస్తుంది: 67 శాతం. తాగి నడిపి ఒకసారి దొరికినవాళ్ల కారుకు ఈ పరికరం బిగిస్తే, మళ్లీ దొరకడం అంత తగ్గుతుందట. అంకెలో అబద్ధం లేదు. 15 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసి 2011లో అమెరికాలో ప్రచురించిన సమీక్షలో వచ్చిన మధ్యస్థ విలువ అది. అదే సమీక్షలో ఇంకో ఫలితం కూడా ఉంది, దాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు. పరికరం విప్పేశాక ఆ తేడా మిగల్లేదు. కొన్నాళ్లు ఇంటర్‌లాక్‌తో తిరిగినవాళ్లూ, అసలు దాన్ని చూడనివాళ్లూ మళ్లీ ఒకే రేటులో దొరికారు.

అంటే ఇది తాగుడు మాన్పించే యంత్రం కాదు, తాళం మాత్రమే. బండికి ఉన్నన్నాళ్లు పనిచేస్తుంది. ఎవరి బండికి, ఎన్నాళ్లు, ఎవరి నిఘాలో అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే దాని ఫలితాన్ని తేలుస్తాయి. దొరికేవాళ్లలో ఎక్కువమంది టూవీలర్లే నడిపే హైదరాబాద్‌లో మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

పరికరం లోపల ఏం జరుగుతుంది

డ్రైవర్ చేతికి అందేలా డాష్‌బోర్డు దగ్గర ఒక చిన్న యూనిట్ ఉంటుంది, దాని చివర ఊదే గొట్టం. సీటు కిందో డాష్ వెనకో రిలే, అంటే కరెంటును ఆపే, వదిలే స్విచ్ ఉన్న కంట్రోల్ బాక్స్ ఉంటుంది. రోడ్డు మీద పోలీసులు వాడే మంచి బ్రీత్ అనలైజర్‌లో ఉండే ఫ్యూయల్ సెల్ సెన్సరే ఇందులోనూ ఉంటుంది. ప్లాటినం పూత ఉన్న రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య ఆమ్లం పీల్చుకున్న పొర. శ్వాసలోని ఇథనాల్ అక్కడ అసిటిక్ ఆమ్లంగా మారుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఎంత ఆల్కహాల్ ఉంటే అంత కరెంటు.

నోట్లోని గాలి కాకుండా ఊపిరితిత్తుల లోతునుంచి వచ్చే గాలి కావాలి కాబట్టి, దాదాపు లీటరున్నర గాలిని ఆగకుండా నాలుగైదు సెకన్లు ఊదాలి. చాలా పరికరాల్లో ఊదుతూ గొంతుతో ‘హుమ్మ్’ అని శబ్దం చేయాలి, లేదా ఊది వెంటనే లోపలికి పీల్చాలి. బెలూన్‌లో నింపి తెచ్చిన గాలితో, టైరు పంపుతో మోసం చేయకుండా పెట్టిన ఏర్పాటిది. ఆస్తమా ఉన్నవాళ్లకు, వయసు మీరినవాళ్లకు ఇది కష్టమవుతుంది. వాళ్ల కోసం గాలి పరిమాణాన్ని కొంత తగ్గించి సెట్ చేస్తారు.

మన చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. హైదరాబాద్‌లో ‘కౌంట్ ఎంత వచ్చింది’ అని అడిగేది ఈ అంకెనే. శ్వాసనుంచి రక్తానికి లెక్క కట్టడానికి సాధారణంగా వాడే 2100కు 1 నిష్పత్తి ప్రకారం, 30 కౌంట్ అంటే లీటరు శ్వాసలో దాదాపు 0.14 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో చట్టపరిమితి మన లెక్కలో 80 అయినా, అక్కడి ఇంటర్‌లాక్‌లను ఎక్కువగా 20 నుంచి 25 మధ్య లాక్ అయ్యేలా పెడతారు. ఇక్కడ పెట్టినా 20 దగ్గర పెట్టడమే సబబు. 30కి సరిగ్గా సెట్ చేస్తే సెన్సర్‌లోని చిన్న తేడాయే రోజూ తగాదా అవుతుంది.

వైరింగ్‌లో గమనించాల్సిన విషయం ఒకటుంది. రిలే కూర్చునేది సెల్ఫ్ మోటార్‌కు వెళ్లే కంట్రోల్ వైరు మీద. తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ కొట్టకుండా ఆపడమే దాని పని. నడుస్తున్న ఇంజన్‌ను అది ఆపదు, ఆపకూడదు కూడా. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోతున్న బండి ఇంజన్ ఉన్నట్టుండి ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే బండి కదిలాక అడిగే రీటెస్టులో ఫెయిలైనా, ఊదకపోయినా హారన్ మోగుతుంది, లైట్లు వెలిగి ఆరుతుంటాయి, పరికరం రాసిపెట్టుకునే రికార్డులో, అంటే లాగ్‌లో నమోదవుతుంది. బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. స్టార్ట్ అయిన కొన్ని నిమిషాలకు మొదటి రీటెస్టు వస్తుంది, ఆ తర్వాత ఎప్పుడొస్తుందో తెలియదు. తాగని స్నేహితుడితో ఊదించి స్టార్ట్ చేసి, అతన్ని దింపేసి వెళ్లే ఎత్తుగడకు విరుగుడు ఇదే. ఇప్పుడు చాలా పరికరాలకు కెమెరా కూడా ఉంటుంది, ఊదింది ఎవరో ఫొటో తీస్తుంది.

బటన్ స్టార్ట్ కార్లలో కోయడానికి విడిగా ఒక వైరు దొరకదు, కంప్యూటర్‌తో మాట్లాడే ఇంటర్‌ఫేస్ కావాలి. ఎలక్ట్రిక్ కార్లలో సెల్ఫ్ మోటారే ఉండదు, ‘రెడీ’ స్థితికి రాకుండా ఆపాలి. యూరోపియన్ యూనియన్ 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఇంటర్‌లాక్ తగిలించేందుకు అనువైన ఏర్పాటు ఉండాలని తప్పనిసరి చేసింది ఇందుకే. పరికరం పెట్టమని కాదు, పెట్టాల్సి వస్తే వైరింగ్ తెగ్గోసే పని లేకుండా చూడమని.

కోఠి గుజరాతీ గల్లీలో వందల రూపాయల్లో దొరికే ఎంక్యూ-3 సెన్సర్‌తో ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా కట్టే ‘ఆల్కహాల్ డిటెక్షన్’ ప్రాజెక్టులకూ దీనికీ పొంతన లేదు. అది టిన్ ఆక్సైడ్ సెమీకండక్టర్. వేడెక్కాలి, తేమకు మారుతుంది, పెట్రోలు ఆవిరికీ స్పందిస్తుంది, వారాల్లోనే రీడింగ్ జారిపోతుంది. డెమోలో బజర్ మోగించడానికి బాగానే ఉంటుంది. ఒక మనిషి ఉద్యోగం పోవడమో నిలవడమో తేల్చే రీడింగ్ దానితో ఇవ్వకూడదు.

67 నుంచి 7 వరకు

ఈ రంగంలో లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడగొట్టి చేసిన అధ్యయనాలు చాలా తక్కువ. అందుకే మేరీలాండ్ రాష్ట్రంలో జరిగి 1999లో ప్రచురితమైన అధ్యయనానికి అంత విలువ. ఒకటికి మించి కేసులున్న 1,387 మందిని తీసుకుని, కొందరిని ఇంటర్‌లాక్ కార్యక్రమంలోకి, మిగతావాళ్లను మామూలు పద్ధతిలోకి పంపారు. ఏడాదిలో మళ్లీ పట్టుబడినవాళ్లు ఇంటర్‌లాక్ గుంపులో 2.4 శాతం, రెండో గుంపులో 6.7 శాతం. తగ్గుదల దాదాపు 65 శాతం. వందమందిలో నలుగురైదుగురు తక్కువ అన్నమాట. రెండు లెక్కలూ ఒకటే, కానీ బడ్జెట్ వేసే అధికారికి రెండోది ఎక్కువ పనికొస్తుంది.

మిగతా అధ్యయనాల్లో ఎక్కువ భాగం, పరికరం బిగించుకున్నవాళ్లను బిగించుకోనివాళ్లతో పోల్చినవి. ఇక్కడే పొరపాటు దూరుతుంది. డబ్బు కట్టి, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడానికి ఒప్పుకున్నవాడు ముందే కొంత దారిలో ఉన్నవాడు. కోర్టు చెప్పినా పట్టించుకోనివాడు వేరే రకం. ఇద్దరి మధ్య తేడా అంతా పరికరం పుణ్యమే అనుకుంటే లెక్క ఉబ్బుతుంది.

రాష్ట్రం మొత్తం మీద చూసేసరికి అంకెలు చిన్నబోతాయి. న్యూ మెక్సికో 2005లో మొదటిసారి దొరికినవాళ్లతో సహా అందరికీ ఇంటర్‌లాక్ తప్పనిసరి చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అలాంటి రాష్ట్రాల్లో మద్యంతో ముడిపడిన ప్రమాద మరణాలు 15 శాతం తక్కువని 2016లో ఒక విశ్లేషణ చెప్పింది. 2017లో వచ్చిన మరొకటి, ప్రాణాంతక ప్రమాదాల్లో పరిమితి దాటి తాగిన డ్రైవర్ల రేటు 7 శాతమే తగ్గిందని లెక్కగట్టింది. 67 ఎక్కడ, 7 ఎక్కడ అనిపిస్తుంది కానీ ఇందులో వైరుధ్యం లేదు. తాగి ప్రాణాంతక ప్రమాదం చేసేవాళ్లలో చాలామందికి గత కొన్నేళ్లలో అలాంటి కేసే ఉండదు. కేసే లేనివాడి కారుకు పరికరం ఎవరు బిగిస్తారు? పైగా బిగించమని చెప్పిన ప్రతివాడూ బిగించుకోడు.

ఈ రెండో సంగతి మీద వాషింగ్టన్ రాష్ట్ర అనుభవం మంచి పాఠం. 2004లో మొదటి కేసు వాళ్లకూ చట్టాన్ని విస్తరించారు. నిజంగా పరికరం పెట్టించుకున్నది దాదాపు మూడో వంతే. అయినా ఆ గుంపు మొత్తంలో మళ్లీ పట్టుబడటం 12 శాతం తగ్గింది. మిగతా రెండొంతులు ఏం చేశారు? ‘నాకు కారు లేదు’ అన్నవాళ్లు, కారును ఇంట్లో ఇంకొకరి పేరుకు మార్చినవాళ్లు, లైసెన్సు లేకుండానే నడుపుతూ పోయినవాళ్లు. ఇండియానాలోని ఒక కౌంటీలో దీనికి వేరే మందు వేశారు. ఇంటర్‌లాక్ పెట్టించుకుంటారా, ఇంట్లో నిర్బంధంలో ఉంటారా, మీ ఇష్టం అన్నారు. బిగించుకున్నవాళ్లు 62 శాతానికి చేరారు. పెట్టుకోకపోతే ఎదురయ్యేది అంతకన్నా ఇబ్బందిగా ఉంటే తప్ప ఎవరూ పెట్టుకోరన్నమాట.

అంతగా ప్రచారం కాని ఫలితం ఇంకోటి. కాలిఫోర్నియా అధ్యయనంలో ఇంటర్‌లాక్ ఉన్నవాళ్లకు తాగి నడిపిన కేసులు తగ్గాయి గానీ, మొత్తం ప్రమాదాలు మాత్రం లైసెన్సు సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకంటే ఎక్కువయ్యాయి. లైసెన్సు పోయినవాడు భయంతో తక్కువ తిరుగుతాడు, ఇంటర్‌లాక్ ఉన్నవాడు దర్జాగా రోజూ తిరుగుతాడు. ఎక్కువ తిరిగితే ఎక్కువ గుద్దుకుంటారు. ఉద్యోగం నిలుస్తుంది కాబట్టి ఆ మార్పిడి సమాజానికి లాభమేనని వాదించవచ్చు. కానీ లాభనష్టాల పట్టికలో ఈ గడి ఖాళీగా వదిలేయడం నిజాయితీ కాదు.

విప్పాక ఫలితం ఆవిరైపోయే సమస్యకు రెండు చికిత్సలు కనిపించాయి. ఒకటి, క్యాలెండర్ చూసి కాకుండా లాగ్ చూసి విప్పడం. చివరి నాలుగు నెలల్లో నిబంధనల్లో చెప్పిన ఉల్లంఘనలేవీ లేకపోతేనే తీస్తామని వాషింగ్టన్ నిబంధన పెట్టింది. రెండోది ఫ్లోరిడాది. ఫెయిళ్లు పేరుకున్నవాళ్లను మద్యం మాన్పించే చికిత్సకు తప్పనిసరిగా పంపారు. అలా చికిత్సలోకి వెళ్లినవాళ్లు పరికరం తీసేశాక కూడా మళ్లీ పట్టుబడటం సుమారు మూడో వంతు తగ్గింది. నిజానికి పరికరం ఇచ్చే అసలు విలువ ఇక్కడే ఉంది. నెలల తరబడి రోజుకు నాలుగైదు రీడింగులు రాసిపెట్టే యంత్రం అది. మొదటి నెలల్లోనే ఎన్ని ఫెయిళ్లు వచ్చాయన్నది, ఆ మనిషి తర్వాత మళ్లీ దొరుకుతాడా లేదా అని చెప్పే గట్టి సూచిక.

ఆ లాగుల్లో బయటపడ్డ మరో సంగతి, ఫెయిళ్లు పార్టీ రాత్రుల్లోనే కాక పనిదినాల్లో పొద్దున్నే పోగుపడటం. శరీరం గంటకు సుమారు 15 కౌంట్ల చొప్పున ఆల్కహాల్‌ను వదిలించుకుంటుంది. అర్ధరాత్రి 12కు 150 ఉన్నవాడికి ఉదయం 6కు ఇంకా 60 ఉంటుంది, చట్టపరిమితికి రెట్టింపు. 30కి దిగేసరికి 8 గంటలవుతుంది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీటి స్నానం ఈ లెక్కను మార్చలేవు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో రాత్రి తనిఖీకి దొరకని ఈ మనిషి, ఉదయం ఆరున్నరకు స్కూల్ బస్సు తాళం చేతిలోకి తీసుకోవచ్చు.

హైదరాబాద్ లెక్క వేరు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. లైసెన్సుపై అనర్హత వేటు వేసే అధికారం కోర్టుకు ఉంది. గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్, ఆ తర్వాత కోర్టు, ఇదీ నగరంలో నడిచే తీరు. దొరికినవాడి బండికి ఇంటర్‌లాక్ బిగించమనే శిక్ష మాత్రం ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. పైగా వాహనంలో మార్పుచేర్పులను సెక్షన్ 52 నియంత్రిస్తుంది. ఎవరైనా సొంతంగా సెల్ఫ్ వైరు కోసి పరికరం పెట్టించుకుంటే కంపెనీ వారంటీ దగ్గర పేచీ ఖాయం.

చట్టం సంగతి ఎప్పుడైనా సవరించుకోవచ్చు. బండి సంగతి అంత తేలిక కాదు. అమెరికా, స్వీడన్ అధ్యయనాలు ప్రధానంగా కార్లు, ట్రక్కుల లాంటి బళ్ల మీద జరిగినవి. ఇక్కడ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఎక్కువగా దొరికేది టూవీలర్లు. బైక్‌కు ఇంటర్‌లాక్ పెట్టడం కారుకు పెట్టినట్టు కాదు.

సెల్ఫ్ వైరు మీద రిలే పెడితే కిక్ కొట్టి స్టార్ట్ చేస్తాడు. కిక్ లేని బండైతే రెండో గేర్‌లో పెట్టి పల్లంలో తోసి క్లచ్ వదులుతాడు. దీన్ని ఆపాలంటే రిలేను సెల్ఫ్ మీదనుంచి ఇగ్నిషన్ లైను మీదకు మార్చాలి. అప్పుడు రిలే పాడైనా, వైరు వదులైనా నడుస్తున్న బండి ఇంజన్ ఆగిపోతుంది. కార్లలో వద్దనుకున్న ప్రమాదాన్ని రెండు చక్రాల బండి మీదకు తెచ్చుకున్నట్టే. బ్యాటరీ ఇంకో తంటా. స్కూటర్ బ్యాటరీ 4 నుంచి 5 ఆంపియర్ అవర్లు. పరికరం నిద్రలో ఉన్నప్పుడు కూడా 10 మిల్లీ ఆంపియర్లు తాగితే రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు పోతాయి. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత వస్తే 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఖాళీ. హెల్మెట్ పెట్టుకుని నడిరోడ్డు మీద రీటెస్టు ఊదడం కుదరని పని. వాన, దుమ్ము, పార్కింగ్‌లో దొంగతనం సరేసరి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో మాత్రం దారి కొంత సుగమం. కిక్ లేదు, తోసినా మోటారు పనిచేయదు, బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే కంట్రోలర్‌ను సాఫ్ట్‌వేర్‌తో లాక్ చేయవచ్చు. కంపెనీలే ముందుకొస్తే తప్ప బయటి ఎలక్ట్రీషియన్ చేసే పని కాదది.

2025 అక్టోబర్ 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయిన ఘటనలో, అంతకు ముందే రోడ్డు మీద పడిపోయి ఉన్న బైక్ బస్సు కింద ఇరుక్కుంది. ఆ బైక్ నడిపిన వ్యక్తి తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. అలాంటి ప్రమాదాన్ని ఆపడం బస్సుకు ఇంటర్‌లాక్ బిగించినా సాధ్యం కాదు, బైక్‌కు బిగించడం ఇంకా ఎవరికీ పూర్తిగా చేతకాలేదు. రాత్రి తనిఖీలు, బార్ల మూసివేత వేళలు, ఆఖరి మెట్రో తర్వాత ఇంటికి చేరే దారి, వీటికి ప్రత్యామ్నాయంగా ఇంటర్‌లాక్‌ను చూపిస్తే తప్పుదారి పట్టించినట్టే.

నగరానికే ప్రత్యేకమైన మరో గుడ్డిమచ్చ కల్తీ కల్లు. అందులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారన్నది తెలంగాణలో ఎక్సైజ్ కేసుల్లో పదేపదే బయటపడిన విషయం. ఫ్యూయల్ సెల్‌కు ఇవేవీ కనిపించవు. ఆల్కహాల్ 15 చూపించి పచ్చలైటు వెలుగుతుంది, డ్రైవర్ మాత్రం స్టీరింగ్ మీదే తూగుతుంటాడు. గంజాయికీ అంతే.

ఎక్కడ మొదలుపెట్టవచ్చు

ఫిన్లాండ్ 2011 ఆగస్టు నుంచి బడి పిల్లలను తీసుకెళ్లే ఒప్పంద వాహనాలకు ఇంటర్‌లాక్ తప్పనిసరి చేసింది. ఫ్రాన్స్ 2015 నుంచి కోచ్ బస్సులన్నింటికీ పెట్టించింది. ఈ పద్ధతిలో శిక్ష ప్రసక్తి లేదు, ఎవరి నేరమూ రుజువు కానక్కర్లేదు. వాహనం యజమానిది, డ్రైవర్ జీతగాడు, పరికరం వద్దని బండి మార్చుకునే వీలు అతనికి లేదు. హైదరాబాద్‌లో దీనికి సరిపోయేవి స్కూల్ బస్సులు, లక్డీకాపూల్, మియాపూర్, ఎల్బీనగర్‌లనుంచి రాత్రి బయల్దేరే ప్రైవేటు ట్రావెల్స్, గచ్చిబౌలి వైపు ఐటీ క్యాబ్‌లు. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కేముందు ఊదించే అలవాటు ఎప్పటినుంచో ఉంది. కానీ డిపో గేటు దగ్గర ఊదినవాడు నడిదారిలో దాబా దగ్గర దిగాక ఏం చేశాడో ఆ రీడింగ్ చెప్పదు. రాత్రంతా నడిచే బెంగళూరు రూటులో డ్రైవర్లు మారే బస్సుకు రీటెస్టు ఉండే పరికరం అక్కరకొస్తుంది. డ్రైవర్ మారినప్పుడల్లా కొత్త టెస్టు అడిగేలా సెట్ చేయడం మర్చిపోకూడదు, కెమెరా లేని పరికరం అక్కడ దండగ.

అసలు ఇబ్బంది తప్పుడు ఫెయిళ్లతో వస్తుంది. వంద బస్సులు, రోజుకు నాలుగు స్టార్టులు అంటే 400 టెస్టులు. అందులో ఒక్క శాతం తప్పుగా ఫెయిలైనా రోజూ నాలుగు బస్సుల పిల్లలు రోడ్డు మీద నిలబడతారు. వారం తిరక్కముందే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి మెకానిక్‌ను పిలిచి రిలే వైర్లు రెండూ కలిపేయిస్తాడు. పరికరం డాష్ మీద అలంకారంగా మిగులుతుంది. తప్పుడు ఫెయిళ్లకు కారణాలు తెలిసినవే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, దగ్గు మందు, అప్పుడే చేతులకు రాసుకున్న శానిటైజర్ ఆవిరి, బాగా మగ్గిన పండ్లు. 2025 జులైలో కేరళ ఆర్టీసీ పందళం డిపోలో డ్రైవర్లు పనసతొనలు తిని బ్రీత్ అనలైజర్‌లో దొరికిపోయారు. ఇదంతా నోట్లో నిలిచిన ఆల్కహాల్, 15 నిమిషాల్లో పోతుంది. నిజంగా తాగినవాడి రీడింగ్ 15 నిమిషాల్లో నాలుగైదు కౌంట్లకు మించి తగ్గదు. అందుకే మొదటి ఫెయిల్‌కు కొద్ది నిమిషాలే లాక్, నీళ్లతో పుక్కిలించి మళ్లీ ఊదడం, రెండోసారీ ఫెయిలైతే ఎక్కువసేపు లాక్ అనే క్రమం పెడతారు. ఉదయం డ్రైవర్లను 20 నిమిషాలు ముందు రమ్మనడం ఈ పథకంలో అన్నింటికన్నా చవకైన భాగం.

క్యాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిగా వచ్చేలా పరికరాన్ని సరిచేయడం దగ్గర చాలా కార్యక్రమాలు చతికిలపడతాయి. అమెరికాలో 30 నుంచి 60 రోజులకోసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. లాగ్ దింపుకునేదీ, సీళ్లు చూసేదీ అప్పుడే. వెళ్లకపోతే పరికరం గడువిచ్చి లాక్ అవుతుంది. మన మే నెల ఎండలో అద్దాలు మూసిన బస్సు డాష్‌బోర్డు మీద ఫ్యూయల్ సెల్ తేమ త్వరగా ఆరుతుంది. అందుకే వేసవిలో 30 రోజులకు మించి వదలకూడదు, చేతి యూనిట్‌ను రాత్రి ఆఫీసులో పెట్టించాలి. క్యాలిబ్రేషన్ రెండు రకాలు. 34 డిగ్రీల వద్ద ఉంచిన ఆల్కహాల్ ద్రావణంలోంచి గాలి పంపే తడి పద్ధతి ఒకటి, సిలిండర్‌లో నింపిన పొడి గ్యాస్ పద్ధతి మరొకటి. పొడి గ్యాస్ వాడితే ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం ఆరు శాతం దాకా తక్కువ. సిలిండర్ మీద రాసిన విలువను సరిచేయకుండా అలాగే వాడితే, 20 దగ్గర లాక్ కావాల్సిన పరికరం ఒక కౌంట్ అటూ ఇటూగా లాక్ అవుతుంది. ఒక బస్సుకు అది పెద్ద తేడా కాదు. వంద బస్సుల లాగ్‌లను పోల్చేటప్పుడు, సగం తడి పద్ధతిలో, సగం పొడి పద్ధతిలో సరిచేసినవైతే, ఎవరు తాగుతున్నారో ఏ సెంటర్ సరిగా చేయలేదో విడదీయలేం.

ఫలితం కొలవడానికి పోలీసు కేసుల సంఖ్యను వాడకపోవడం మంచిది. నగరంలో కేసులు తాగేవాళ్ల సంఖ్యను బట్టే కాదు, ఆ వారం ఎన్ని చోట్ల తనిఖీలు పెట్టారన్నదాన్ని బట్టి కూడా పెరిగి తగ్గుతాయి. ప్రతి వెయ్యి స్టార్టులకు ఎన్ని నిర్ధారిత ఫెయిళ్లు, ఉదయం 5 నుంచి 8 మధ్య ఎన్ని, రీటెస్టు ఎగ్గొట్టినవి ఎన్ని, ఇవి చాలు. వీటికి ఓడోమీటర్ కిలోమీటర్లను జతచేయాలి. బస్సు 120 కిలోమీటర్లు తిరిగిన రోజున లాగ్‌లో ఒక్క స్టార్టే ఉంటే, ఎవరో రిలేను దాటేశారనో, రోజంతా ఇంజన్ ఆపకుండా ఉంచారనో అర్థం. డీజిల్ వృథా అయినా ఊదే తలనొప్పి వద్దనుకునే డ్రైవర్లు రెండోది చేస్తారు.

ఫెయిలైన డ్రైవర్‌ను ఏం చేయాలో పరికరం బిగించకముందే కాగితం మీద ఉండాలి. సెక్షన్ 203 కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఊదించే పరీక్ష వేరు, యజమాని బండిలోని రీడింగ్ వేరు. లాగ్‌ను చూపి వెంటనే ఉద్యోగం తీసేస్తే కేసు కోర్టుకెక్కుతుంది, మిగతా డ్రైవర్లు పరికరాన్నే శత్రువుగా చూస్తారు. ఆ పూట డ్యూటీ లేదు, వెంటనే వేరే పరికరంతో నిర్ధారణ, నెలలో మూడోసారైతే డాక్టరు దగ్గరకు, ఈ తరహా క్రమం ఫ్లోరిడా ఫలితానికి దగ్గరగా ఉంటుంది.

ఆఖరున ఓవర్‌రైడ్ కోడ్. గ్యారేజీలో రిపేరుకూ, రోడ్డు మీద పరికరమే చెడిపోయినప్పుడూ లాక్‌ను దాటించడానికి సాధారణంగా తయారీదారు ఒక కోడ్ ఇస్తాడు. దాన్ని డ్రైవర్‌కు ఇస్తే పరికరం లేనట్టే, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి ఇచ్చినా రెండు నెలల్లో అదే గతి. ఒక్కసారికే పనిచేసి 24 గంటల్లో చెల్లకుండా పోయే కోడ్ అడగాలి. అది సర్వీస్ కంపెనీ నుంచి ఫోన్‌లో రావాలి, అడిగినవాడి పేరు, బండి నంబరు, వేళ లాగ్‌లో పడాలి. టెండర్ పత్రంలో ఈ నిబంధన లేకపోతే పరికరం కొనకముందే ఆగడం నయం.